మలుపులో జాయింటు

ఆ రోజుల్లో నాకు తెలియనిది లోకంలో ఏదీ లేదు. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేతికొచ్చి ఆరు నెలలు కాలేదు, నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో టెంపరరీ టీచరుగా చేరి మూడు నెలలు కాలేదు. ఫోనులో రెండు వీడియోలు చూస్తే విమానమైనా నడపగలనన్న ధీమా మాత్రం నిండుగా ఉండేది. అందుకే మా కరస్పాండెంటుగారు సైన్సు ఎగ్జిబిషన్‌కి "ఏదన్నా కదిలేది పెట్టండమ్మా, మీ పోస్టు సంగతి ఆ రోజు చూసి తేలుస్తాను" అనగానే, బొమ్మ రైలు పెడతానని గబుక్కున అనేశాను.

హైదరాబాదు నుంచి ఇంజనూ నాలుగు బోగీలూ తెప్పించడం తేలికే. పట్టాల దగ్గరే వచ్చింది చిక్కు. వంపు తిరిగిన రెడీమేడ్ ముక్కలు కొని ఒకదానికొకటి తగిలించుకోవచ్చు. లేదా గజం పొడుగు పట్టాలు కొని మనకు కావలసినట్టు వంచుకోవచ్చు. షాపతను ఫోనులో "మొదటిసారి కదా మేడం, ముక్కలే తీసుకోండి, పిల్లలు కూడా పెట్టేస్తారు" అన్నాడు. ఆ చివరి మాటే నా కొంప ముంచింది. పిల్లలు పెట్టేవి నేను పెట్టడమా! వంచే పట్టాలే పంపమన్నాను. (ఎమ్మెస్సీ అని కూడా చెప్పాను. అతను అడగలేదు.)

ప్లైవుడ్ చెక్క మీద పట్టాలు పరిచి, చిన్న మేకులు కొట్టి, స్విచ్ వేశాను. రైలు ముచ్చటగా బయల్దేరి, మలుపులో ఒకచోట పక్కకు పడుకుంది. లేపాను. మళ్ళీ అక్కడే పడుకుంది. ఎగ్జిబిషన్‌కి ఇంక రెండు రోజులే ఉంది. ఇంజను నాసిరకమని షాపతన్నీ, వంకరగా ఉందని చెక్కనీ తిట్టి, చివరికి మా వరండాలో కూర్చుని ఏడ్చాను. పోస్టు పోయినట్టే అనుకున్నాను.

ఆ ఏడుపు విని వచ్చాడు పక్కింటి బాబాయి. మాచర్ల లైన్లో కీమాన్‌గా రోజూ పట్టాల వెంబడి నడిచి, వాటి బాగోగులు చూసి రిటైరైనవాడు. చెప్పులు విడిచి, చెంప చెక్కకి ఆనించి, ఒక కన్ను మూసి పట్టా వెంట చూశాడు. "దారం తేవే" అన్నాడు. దారం రెండు కొసలూ పట్టాకి ఆనించి బిగలాగి, నడుమ ఎంత ఎడముందో అగ్గిపుల్లతో కొలుస్తూ మలుపంతా జరుపుకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు.

"ఏమే, మలుపు మధ్యలో జాయింటు పెట్టావేంది? చూడు, ఇక్కడ పట్టా మోచెయ్యిలాగా పొడుచుకొచ్చింది. రెండు పట్టాలూ తిన్నగా ఉన్నప్పుడే అతికించి, ఆనక వంచాల."

"ఇంజను తప్పు కాదా బాబాయ్?"

"ఇంజను చానా మంచిది. పెద్ద చదువు చదివినోళ్ళకి పట్టా మీదికి వంగి చూడటం చేతగాదంతే."

ఆ రాత్రే మేకులు పీకి, మలుపు పట్టాలన్నీ బాబాయే మళ్ళీ వేశాడు. ఎగ్జిబిషన్ రోజు రైలు ఒక్కసారి కూడా పడలేదు. కరస్పాండెంటుగారు మురిసిపోయి "పట్టాలు మీరే వేశారామ్మా?" అన్నారు. పక్కనే బాబాయి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. "అవునండీ" అన్నాను. నాకంటే ముందే బాబాయి తలూపాడు. పోస్టు ఖాయమైంది.

ఆ సాయంత్రం జిలేబీ పొట్లం పట్టుకుని వెళ్ళి, "నీ పేరు చెప్పాల్సింది బాబాయ్" అని ఏడుపు మొహం పెట్టాను.

"ఏందే నీ గోల! అన్నేళ్ళు పట్టాల మీద నడిచా, రైలు దాటిపోయాక కీమాన్ ఎవరని ఎవడన్నా అడిగాడా? పడలేదుగా. అది చాలు" అని జిలేబీ అందుకున్నాడు. నేనివాళ తింటున్న అన్నం ఆయన చలవే. ఆ మాట నలుగురిలో అనాల్సిన రోజున అనలేకపోయాను.

ఇప్పుడు ఆ ఎగ్జిబిషన్‌కి జడ్జిని నేనే. ప్రతి పిల్లనీ పిల్లవాణ్ణీ ముందుగా "మీకెవరు సాయం చేశారు?" అని అడుగుతాను. "ఎవరూ చెయ్యలేదు మేడం, అంతా నేనే" అంటారు రెప్ప వేయకుండా. వెనకాల వాళ్ళ నాన్నో తాతో నిలబడి తలూపుతుంటారు. నాకు నవ్వొస్తుంది. మార్కులు పిల్లలకి వేసి, వెనక నిలబడ్డవాళ్ళకి ఒక నమస్కారం పెట్టి ముందుకెళ్తాను.