పాత దూది ఎవరి చెత్త?

పరుపులాయనకు ఇల్లూ దుకాణమూ ఒకే కప్పు కింద ఉండేవి. వీధి వైపు గదిలో దూది ఏకే మిషను, కుట్టే బల్ల, గోడకు ఆనించిన పరుపులు. గడప దాటితే వంటగది. మిషను తిప్పినప్పుడల్లా నుసి లేచి, గడప దాటి వెళ్లి, స్టవ్వు మీదా, ఆరేసిన తువ్వాళ్ల మీదా, ఆయన భార్య కనుబొమల మీదా వాలేది. "నా జుట్టు రోజూ పొద్దున నెరుస్తుంది, సాయంత్రం దులుపుకుంటే నల్లబడుతుంది" అని ఆవిడ వచ్చినవాళ్లతో చెప్పి నవ్వేది.

ఆయనకు తెలిసింది ఒకటే పని. పడుకుని పడుకుని రాయిలా గట్టిపడిన పరుపులను జనం తెచ్చి పడేస్తారు. ఆయన కుట్లు విప్పి, దూది బయటికి లాగి, బాగున్నంత మేరకు ఏరి, మళ్లీ ఏకి, కొంత కొత్త దూది కలిపి, కొత్త గలీబులో నింపి దబ్బనంతో కుట్టి ఇస్తాడు. నల్లబడి గడ్డకట్టిన దూదీ చిరిగిన పాత గలీబూ మిగిలిపోతాయి. వాటిని గోనెసంచిలో కుక్కి, వీధి మొదట్లో ఉన్న ఇనప తొట్టిలో వేసి రావడం ఆయనకు ఊపిరి పీల్చినంత అలవాటు. అక్కడి నుంచి ఎటు పోతుందో ఏనాడూ ఆలోచించలేదు.

ఒకరోజు ఆ తొట్టిని క్రేనుతో ఎత్తుకుపోయారు. ఇంటింటికీ మూడు బుట్టలు ఇచ్చారు. మైకు కట్టిన బండి ఒకటి వీధి వీధీ తిరుగుతూ చెప్పింది: ఇంటి చెత్త పొద్దున వచ్చే బండికి, వ్యాపార చెత్త సాయంత్రం వచ్చే లారీకి. తడిది ఆకుపచ్చ బుట్టలో, పొడిది నీలం బుట్టలో, గుచ్చుకునేవీ కోసుకునేవీ ఎర్ర బుట్టలో. కలిపేస్తే తీసుకోరు.

పరుపులాయన విరిగిన దబ్బనం ముక్క ఒకటి ఎర్ర బుట్టలో వేశాడు. ఆ ఒక్కదాని గురించే ఆయనకు అనుమానం లేదు.

"ఇంతకీ దూది తడా, పొడా?" అంది భార్య.

"పొడే. తడిగా ఉంటే ఏకుతానా?"

"అది కాదండీ. కుళ్లేది తడి చెత్త, కుళ్లనిది పొడి చెత్త అన్నాడు మైకులో. దూది చెట్టుకు కాసేదేగా? కుళ్లదూ?"

"నానితే కుళ్లుతుంది."

"అయితే తడి."

"నానకపోతే?"

"అయితే పొడి."

ఇద్దరూ కాసేపు గోనెసంచి వంక చూశారు. చివరికి సగం ఆకుపచ్చ బుట్టలో, సగం నీలం బుట్టలో వేశారు.

పొద్దున బండి వెంట వచ్చే ఆవిడ మెడలో విజిల్ వేలాడేది. వీధిలో అందరికీ ఆవిడ విజిలమ్మే. రెండు బుట్టల్లోకీ తొంగిచూసి, "ఏంటి బాబాయ్ ఇది, రెండింటిలోనూ ఒకటే ఉంది?" అంది.

"దూదమ్మా. ఎందులో వెయ్యాలో తెలీక..."

"అది తర్వాత సంగతి. ఇది ఇంట్లోదా, షాపుదా?"

"మేం ఇక్కడే ఉంటామమ్మా."

"మీరిక్కడే ఉంటారు, సరే. దూది ఎక్కడుంటుంది?"

పరుపులాయన వెనక్కి తిరిగి చూశాడు. దూది మిషను దగ్గర ఉంది, గడప మీద ఉంది, వంటగదిలో భార్య భుజం మీద కూడా ఉంది. 

"ఇది వ్యాపారం బాబాయ్. సాయంత్రం లారీకి ఇవ్వండి. కోపం తెచ్చుకోకండి, తీసుకెళితే నన్ను తిడతారు" అని విజిలేసుకుంటూ వెళ్లిపోయింది.

సాయంత్రం లారీ డ్రైవరు కిందికి దిగనైనా దిగలేదు. కిటికీలోంచి సంచి వంక చూసి, "ఇవి జనం పడుకున్న పరుపుల్లోవే కదా? పరుపు ఎక్కడుంటుంది? ఇంట్లో. ఇంటి చెత్త పొద్దున బండికి" అన్నాడు.

"పొద్దున బండి మీ దగ్గరికి పంపింది బాబూ."

"నేను మళ్లీ అక్కడికే పంపుతున్నాను" అని గేరు వేశాడు.

ఆదివారం పరుపులాయన బావమరిది వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఏ విషయమైనా తనకు చిన్నప్పుడే తెలుసన్నట్టు మాట్లాడతాడు. గోడ వారగా పేర్చిన సంచులను చూసి, "దీనికింత కంగారెందుకు బావా! కుట్లు విప్పేదాకా అది వాళ్లింటి పరుపు. విప్పాక నీ సరుకు, అంటే వ్యాపారం. తిరిగి కుట్టి ఇచ్చేస్తే మళ్లీ ఇంటిది. అంతే" అన్నాడు.

"మధ్యలో మిగిలిపోయింది?"

బావమరిది టీ ఒక గుక్క తాగాడు. "అదే... మధ్యలో మిగిలిపోయిందే" అని కప్పు పెట్టేసి, పనుందని లేచాడు.

అతను వీధి మలుపు తిరిగాక భార్య అడిగింది: "మా తమ్ముడు చెప్పాక మీకేమైనా అర్థమైందా?"

"అంతకుముందు కొంచెం అర్థమైంది" అన్నాడు పరుపులాయన.

సంచులు పెరుగుతూ పోయాయి. ఇక తేల్చుకుందామని ఆయన ఉతికిన చొక్కా వేసుకుని చెత్త ఆఫీసుకు వెళ్లాడు. కిటికీ వెనక గుమాస్తా చెడ్డవాడేం కాదు, కూర్చోమని కుర్చీ కూడా చూపించాడు.

"మీది ఇల్లా, దుకాణమా?"

"రెండూనండీ."

"ఏదో ఒకటి చెప్పాలి."

"పగలు దుకాణం. రాత్రి ఇల్లు."

"చెత్త ఎప్పుడు వస్తుంది?"

"పగలే."

"అయితే దుకాణం. లారీకి ఇవ్వండి."

"లారీ ఆయన ఇంటిదంటున్నాడండీ."

గుమాస్తా తల గోక్కున్నాడు. "అలా అన్నాడా? అదీ నిజమే. చూడండి, అసలు సూత్రం ఒకటుంది. చెత్త ఎక్కడ పుట్టిందో అక్కడి లెక్కలోకే వస్తుంది. ఈ దూది ఎక్కడ చెత్త అయింది?"

పరుపులాయన దారి పొడుగునా అదే ఆలోచించాడు. పడుకున్నాయన నడుం నొప్పి అన్న రోజునే అది చెత్త అయిందా? ఇంటావిడ ఇక దీన్ని మార్పించాలి అనుకున్నప్పుడా? తన వేళ్లు ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని విడదీసినప్పుడా? ఇన్నేళ్లుగా తన చేతులు చేస్తున్న పని మీద తనకే అనుమానం పుట్టి, మర్నాడు మిషను ముందు కూర్చున్నవాడు చాలాసేపు దూది ముట్టుకోలేదు.

ఇంతలో చెత్త ఆఫీసు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అప్పటికి సంచులు కప్పును తాకుతున్నాయి. భార్య వంటగదిలోకి వెళ్లాలంటే పక్కకు తిరిగి నడవాల్సి వస్తోంది. ఇన్‌స్పెక్టరు కూడా అలా పక్కకు తిరిగే లోపలికొచ్చాడు.

"నిప్పురవ్వ పడితే వీధి మొత్తం అంటుకుంటుంది. వారంలోగా ఖాళీ చెయ్యండి."

"ఎక్కడికి పంపమంటారు సార్?"

"రూలు ప్రకారం" అని ఆయన వచ్చినట్టే పక్కకు తిరిగి బయటపడ్డాడు.

వ్యవహారం పీకల మీదికి వచ్చాక, పరుపులాయనకు గుమాస్తా మాటే దిక్కనిపించింది. పుట్టినచోటికి చేర్చేస్తే సరి. ఏ సంచి ఏ ఇంటిదో ఆయనకు గుర్తే, గలీబు గుడ్డ చూస్తే చాలు మనుషుల మొహాలు గుర్తొస్తాయి. తోపుడు బండి మీద సంచులు వేసుకుని బయల్దేరాడు.

మొదటి ఇంటాయన పగలబడి నవ్వాడు. "గడియారం బాగు చేయించుకుంటే పాత ముల్లు కూడా తెచ్చిస్తారేంటండీ!" అన్నాడు గానీ సంచి తీసుకున్నాడు. రెండో ఇంట్లో తలుపు సగం తెరుచుకుని మళ్లీ మూసుకుంది. అపార్ట్‌మెంటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టి, "చెత్త బయటికి పోవడమే ఇన్నాళ్లూ చూశాను, లోపలికి రావడం ఇదే మొదటిసారి" అని గేటు వేసేశాడు.

తర్వాతిది టీచరమ్మ ఇల్లు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన ఆవిడ. పెద్ద పరుపు ఒకటి బాగు చెయ్యమని ఇచ్చింది. కొత్తది దాదాపు అయిపోయింది, అంచులు కుట్టడమే మిగిలింది. పరుపులాయన మెట్లెక్కి, అప్పటికి బట్టీపట్టినట్టు వచ్చేసిన నాలుగు మాటలూ చెప్పాడు. ఇది మీ పరుపులోంచి తీసిందమ్మా, పుట్టిన చోటికి చేర్చమన్నారు, మీ నీలం బుట్టలోనో ఆకుపచ్చ బుట్టలోనో...

ఆవిడ బుట్టల మాట విన్నట్టు లేదు. సంచి వంకే చూస్తోంది.

"మాదేనా?"

"మీదేనమ్మా. బాగా నల్లబడి, గడ్డకట్టి..."

"రెండేళ్లు మా ఆయన దానిమీదే ఉన్నారు" అంది టీచరమ్మ. "లేవలేదు. దానిమీదే పోయారు. మీకు చెప్పలేదు. చెబితే ముట్టుకోరేమోనని."

పరుపులాయన సంచి మీద ఉన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆ నల్లబడ్డ దూది నా కళ్ల ముందు లేకుండా పోతుందని మీకిచ్చాను. మీరు మళ్లీ తెచ్చారు."

"తప్పైపోయిందమ్మా" అని ఆయన గబగబా సంచి ఎత్తుకోబోయాడు. ఆవిడ చెయ్యి చాచి సంచి మూతి పట్టుకుంది.

"ఆగండి. ఎక్కడికి తీసుకెళతారు?"

"తెలీదమ్మా."

"తెలీకపోవడమేంటి?"

"ఒట్టు, తెలీదు. ఇది తడో పొడో తెలీదు, ఇంటిదో దుకాణానిదో తెలీదు, మీదో నాదో తెలీదు. అడిగిన ప్రతివాళ్లూ ఒక్కో మాట చెబుతున్నారు. నా బుర్ర తిరిగిపోతోందమ్మా."

టీచరమ్మ గుమ్మంలోనే చతికిలబడింది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో పరుపులాయనకు తెలియలేదు, అడిగే ధైర్యమూ లేదు. సంచి పక్కన నిలబడి తన చెప్పుల వంక చూసుకున్నాడు. కొంతసేపటికి ఆవిడ కళ్లజోడు తుడుచుకుని లేచి, చెప్పులు వేసుకుంది.

"పదండి. ఇద్దరం వెళ్లి అడుగుదాం."

తోపుడు బండి ఆవిడ గుమ్మం ముందే ఉంచి, ఆ ఒక్క సంచీ పట్టుకుని వెళ్లారు. చెత్త ఆఫీసులో గుమాస్తా పరుపులాయన్ని గుర్తుపట్టాడు. సంచి వంకా, పక్కనున్న ఆవిడ వంకా చూశాడు.

"చెత్త ఎవరిదమ్మా?"

"మా ఆయనది."

"అయితే ఆయన్ని రమ్మనండి."

"రాలేరు" అంది టీచరమ్మ.

గుమాస్తాకు అర్థమైంది. చేతిలో కలం కింద పెట్టాడు. ఒక చోటికి ఫోను చేశాడు, అక్కడివాళ్లు ఇంకో చోటికి చెయ్యమన్నట్టున్నారు, అక్కడికీ చేశాడు. చివరికి గొంతు తగ్గించి, "ఊరి చివర చెత్త వేరుచేసే షెడ్డు ఉంది. అక్కడ అడిగి చూడండి. నేను పంపానని మాత్రం చెప్పకండి" అన్నాడు.

బస్సెక్కారు. సంచి ఇద్దరి మధ్యా నిలబడింది. కండక్టరు వచ్చి, "ఈ మూట ఎవరిది?" అన్నాడు.

ఇద్దరూ ఒకేసారి "నాది" అన్నారు.

షెడ్డులో ఆడవాళ్లు బారుగా నిలబడి, చేతులకు తొడుగులేసుకుని, ముందు నుంచి కదిలిపోతున్న చెత్తలోంచి సీసాలు ఒకవైపూ అట్టలు ఒకవైపూ విసురుతున్నారు. వాళ్లకు మేస్త్రీగా ఉన్న ఆవిడ వచ్చి, సంచిలో చెయ్యి పెట్టి, ఒక పాయ తీసి వేళ్ల మధ్య నలిపింది.

"బూరుగు దూది కాదు, పత్తి. తీసుకుంటాం."

"తడా, పొడా అక్కా?" అన్నాడు పరుపులాయన ఆత్రంగా.

"దూది."

"అది కాదు, ఇంటిదా, వ్యాపా..."

"దూది అన్నానుగా" అంది ఆవిడ.

పరుపులాయన సంచిని ఆవిడ వైపు జరిపాడు. ఇంకొక్క ప్రశ్న అడిగితే మళ్లీ వద్దంటుందేమోనని భయం వేసింది.

టీచరమ్మ మాత్రం అడిగింది, దీన్ని ఏం చేస్తారని. ఉడికించి, ఏకి, వేడినీళ్ల గొట్టాలకు చుట్టే మందపాటి పట్టీలు చేస్తారట, వేడి పోకుండా. ఏ గొట్టాలకంటే, ఎక్కడ అవసరముంటే అక్కడి గొట్టాలకు. టీచరమ్మ వంగి రెండు చేతులతో సంచిలోంచి ఒక గడ్డ తీసి, కాసేపు పట్టుకుని, మళ్లీ లోపలే పెట్టింది. "తేలిగ్గా ఉంటుందనుకున్నాను" అంది, ఎవరితోనో చెప్పినట్టు.

ఆ తర్వాత దూది బెడద తీరింది. వారానికోసారి షెడ్డువాళ్లే వచ్చి సంచులు తీసుకెళ్లసాగారు. చిరిగిన గలీబులు మాత్రం వద్దన్నారు, వీధి చివర పెట్టిన పాత బట్టల డబ్బాలో వెయ్యమన్నారు. బట్టల డబ్బా మీద చిరిగినవి వెయ్యరాదని రాసి ఉంది. భార్య వాటిని కత్తిరించి నేల తుడిచే గుడ్డలు చేసి వీధిలో అందరికీ పంచింది. ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చి, ఖాళీ గది చూసి సంతోషించి, "ఏ రూలు కింద పంపారు?" అన్నాడు. పరుపులాయన ఆలోచిస్తుండగానే, "సర్లెండి, ఖాళీ అయింది కదా" అని తనే వెళ్లిపోయాడు.

టీచరమ్మ కొత్త పరుపు చూసుకోవడానికి దుకాణానికి వచ్చింది. అరచేత్తో అదిమి చూసింది. బాగుందంది. తర్వాత ఆ చివర నుంచి ఈ చివరకు చూపు పోనిచ్చి, "ఇంత వెడల్పు చేశారేంటి?" అంది.

"పాతది ఎంతుందో అంతేనమ్మా."

"అవును కదూ." అంచు మీద వేలు పోనిచ్చింది. "ఒక్క మనిషికి సరిపోయేలా తగ్గించండి."

ఆయన కుట్లు విప్పడానికి కత్తెర తీసుకున్నాడు. మొదటి కుట్టు కింద కత్తెర మొన పెట్టాడో లేదో, "వద్దు, ఉండనివ్వండి" అంది. ఆయన ఆగాడు. ఆవిడ ఇంకోసారి పరుపు చుట్టూ తిరిగి వచ్చింది.

"మీరైతే ఏం చేస్తారు?"

"నాకు తెలీదమ్మా" అన్నాడాయన. ఆ మధ్య ఎందరికో ఆ మాటే చెప్పాడు గానీ, ఇంత నెమ్మదిగా ఎప్పుడూ చెప్పలేదు.

ఆవిడ పరుపు అలాగే పట్టుకెళ్లింది. వారం తిరక్కుండా కబురు పంపింది, తగ్గించాలని. ఆయన కత్తెరా దబ్బనమూ దారపు ఉండా సంచిలో వేసుకుని వెళ్లాడు. మెట్లెక్కేసరికి ఆవిడ మనసు మారిపోయింది. టీ ఇచ్చి, లెక్కలు రాని పిల్లల కబుర్లు చెప్పి నవ్వించి పంపింది. ఇంకో నెలకు మళ్లీ కబురు. మళ్లీ టీ.

ఆయన ఇంటికొచ్చి చొక్కా కొక్కేనికి తగిలిస్తుంటే భార్య వంటగదిలోంచి కేకేసింది: "ఇంతకీ తగ్గించారా?"

"లేదు. ఇంకా తేల్చుకోలేదు."

"ఎవరు, ఆవిడా?"

పరుపులాయన సంచిలోంచి కత్తెర తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇద్దరం" అన్నాడు.