నీలం చొక్కా, రెండో డిస్కు

తెర మీది డ్రాయింగులో గేరు చక్రానికి ఇరవై నాలుగు పళ్లున్నాయి. నిన్న నా కళ్ల ముందే దాన్ని ఇరవై ఆరుకు మార్చారు.

"ఏమ్మా, నా వారం పని యాడికి పాయె? ఎలకలు తినేసినాయా?" డ్రాయింగ్ సెక్షన్ పెద్దాయన వెనక నిలబడి నవ్వుతున్నాడు.

"ఈడే ఉంటుందన్నా. ఎవురూ ఏమీ సేవ్ చేయొద్దని చెప్పండి."

"ఉంటుందా, ఉందా?"

హోసూరులోని ఆ ఫ్యాక్టరీలో కంప్యూటర్ల గదికంతా నేనొక్కదాన్నే. అడగడానికి ఇంకెవరూ లేరు.

సర్వర్‌లో డ్రాయింగులుండే డిస్కు ఒకటి, పోయిన శనివారం తీసిన దాని అచ్చు నకలు ఇంకొకటి. యంత్రం ఏది అసలో తెలియక తికమక పడకుండా, అప్పట్లో అసలు రెండో చోట ఉండేది కాబట్టి, సెట్టింగుల ఫైలులో నేనే నియమం రాశాను: రెండో డిస్కును తీసుకో, మిగతావన్నీ వదిలెయ్. ఆ మధ్యాహ్నం కొత్త డిస్కు బిగించి సర్వర్‌ను మళ్లీ ఆన్ చేశాం. వరుస మారి, నకలు రెండో చోటుకు వచ్చింది. యంత్రం నేను చెప్పినట్టే చేసింది. నకలును లోపలికి రానిచ్చి, అసలును బయట నిలబెట్టింది.

ఆ రోజు కూడా శనివారమే. ఏడు గంటలకు నకలు తీసే ప్రోగ్రాం దానంతట అది మొదలైతే, పాత డ్రాయింగులు కొత్తవాటిని తుడిచేస్తాయి. ముందు దాన్ని ఆపాను.

ప్రతి డిస్కుకూ తయారైనప్పుడే ఒక నంబరు పడుతుంది. ఎక్కడ బిగించినా అది మారదు. నియమాన్ని ఆ నంబరుతో మళ్లీ రాశాను. కంగారులో "అన్నీ వదిలెయ్" అన్న వాక్యాన్ని పైన పెట్టాను. యంత్రం పైనుంచి చదువుతూ, మొదట సరిపోయిన మాటకే కట్టుబడుతుంది. అసలూ నకలూ రెండూ కనబడకుండా పోయాయి. ఆ వాక్యాన్ని కిందికి దించాను.

ఇరవై ఆరు పళ్లు.

"ఉందమ్మా!" అన్నాడు పెద్దాయన.

ఇంటికి చేరేసరికి ఏడున్నర. మా ఆయన లారీలో గ్రానైట్ లోడ్లతో రేవుకు పోతే వారం దాకా రాడు. ఇంటి ఓనరమ్మ కూడా కెలమంగలంలో కూతురింటికి పోయిందట. కిటికీ గట్టు మీద ఖాళీ గ్లాసుంది.

"నీలం చొక్కా మామ వచ్చినాడమ్మా, నీళ్లడిగినాడు," అంది ఎనిమిదేళ్ల కూతురు. "తలుపు తీసినా."

"ఏ మామ?"

"ఏమో. నీలం చొక్కా అయితే తియ్యమని నువ్వే కదా చెప్పినావు!"

"మంచోడేలేమ్మా," అన్నాడు చిన్నవాడు. "గ్లాసు తిరిగిచ్చినాడు."

నాకు ఆలస్యమైతే కబురు తెచ్చే ఫ్యాక్టరీ డ్రైవర్ కోసం చెప్పిన మాట అది. షిఫ్టు వదిలితే ఊళ్లో సగం మందివి నీలం చొక్కాలే. ఇదంతా చెప్పుకోవడానికి పక్కన మనిషి లేడు. గ్లాసును రెండుసార్లు కడిగాను.

పొద్దున ఇద్దరినీ కూర్చోబెట్టాను. "నేనైతే తియ్యండి. ఓనరమ్మ అయితే తియ్యండి. ఇంకెవురొచ్చినా తియ్యొద్దు."

"నీలం చొక్కా?"

"చొక్కా చూడొద్దు. కిటికీలోంచి మొగం చూడండి."

చిన్నవాడు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "నాయన వస్తేనో?"

మరిచిపోయాను. ఆయన్నే మరిచిపోయాను.

"నాయన అయినా తియ్యండి," అన్నాను. "ఇంకెవురొచ్చినా అనేది ఆ తర్వాతే. ఏదీ, మొదట్నుంచి చెప్పండి చూద్దాం."