ఫ్రిజ్ ఆపిన దసరా

తాడేపల్లిగూడెంలో నేను పరిశోధన చేసిన కాలేజీ ల్యాబులో ఒక పాత ఫ్రిజ్ ఉండేది. అందులో మంచినీళ్ల సీసా పెట్టారా, నా చేత తిట్లు తిన్నారన్నమాటే. అది మా నల్లద్రావకం కోసం, చల్లగా లేకపోతే పాడైపోయేది. చార్జి చేసుకునే బ్యాటరీలో ఆనోడ్‌గా వాడే పదార్థం, కంటికి ఆనని పల్చటి రేకులుగా, ఆ ద్రావకంలో తేలుతూ ఉండేది. చార్జి ఎక్కేటప్పుడు లిథియం ఆ రేకుల మధ్యకు వెళ్లి కూర్చోవాలి. ఆరబెడితే చాలు, రేకులు ఒకదానికొకటి అంటుకుపోయేవి. లిథియానికి చోటుండేది కాదు.

అప్పడాల మధ్య పిండి చల్లినట్టు వాటి మధ్య ఏదైనా చల్లుదామన్నది నా గైడు, మా సార్ ఆలోచన. ఊక బూడిద నుంచి తీసిన సన్నటి పొడి కలిపాం. సార్‌ది ముదినేపల్లి వైపు వరి రైతుల కుటుంబం. రోజూ ఏలూరు నుంచి రైల్లో వచ్చేవారు. ఆ ఏడాది చివర్లో రిటైర్మెంటు.

"ఒక్క బ్యాటరీ సెల్లు నిలబడితే చాలమ్మా, చూసి వెళ్లిపోతాను" అనేవారు.

అంతవరకూ చేసినవన్నీ నీరసించిపోయాయి. దసరా ముందు ఒక ద్రావకం సరిగ్గా కుదిరింది. సెలవులయ్యాక దాంతో సెల్లులు చెయ్యాలి. ఆఖరి పనిరోజున యంత్రాలన్నిటికీ బొట్లు పెట్టి, బంతిపూలు చుట్టి ఆయుధపూజ చేశాం. నేను బస్సెక్కి కొల్లేరు పక్కన మా ఊరు వెళ్లిపోయాను.

మాది చేపల చెరువుల ఇల్లు. చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్‌కి మా నాన్నగారు అది తిరుగుతుండగానే బొట్టు పెడతారు. "పండగని ఆపితే చేపలు తేలిపోవూ!" అంటారు.

తిరిగొచ్చి ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల వెచ్చగా ఉంది. సీసాలో నలుపు లేదు. కుడితిలా తెల్లబడిపోయింది. వెచ్చదనానికి రేకులన్నీ చెడిపోయాయి.

"ఏవండీ, ఈ స్విచ్చి ఎవరాపారండీ?" అని అరిచాను.

సార్ ముందుకొచ్చారు. "నేనేనమ్మా. పూజ చేసిన పనిముట్టుని మా ఇంట్లో పండగ వెళ్లేదాకా ముట్టుకోరు, నాగలైనా, ఇంజనైనా. పాపం ఏడాదంతా తిరిగాయి కదా అని అన్నీ ఆపుకుంటూ వెళ్లాను. చెయ్యి దాని మీదికీ వెళ్లిపోయింది."

"మీరే ఇలా చేస్తే ఎలాగండీ సార్!"

ఆయన సీసా కడగడానికి పట్టుకెళ్లి, సింకు దగ్గర దాన్ని తోముతూనే ఉండిపోయారు.

ముడిసరుకు మళ్లీ తెప్పించేసరికి ఆయనకు శాలువా కప్పి పంపించేశారు. కొత్త ద్రావకం ఆయన లేకుండానే చేశాను, ఆయన చెప్పిన ఊక పొడితోనే.

మరుసటి ఆయుధపూజకు పిలిస్తే వచ్చారు, గేటు దగ్గర విజిటర్ చీటీ రాయించుకుని, బంతిపూల సంచితో. మా సెల్లు టెస్టింగ్ మిషన్ మీద నెలల తరబడి చార్జి ఎక్కుతూ, దిగుతూ ఉంది. కంప్యూటర్లో దాని సత్తువ చూపించే గీత వాలకుండా సాగుతోంది. ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. నాకు కోపం పూర్తిగా పోయిందని చెప్పను గానీ, ఆ ముఖం చూశాక కుంకుమ గిన్నె ఆయన చేతికే ఇచ్చాను.

"ఇది మా చెరువు లెక్కండి సార్, తిరుగుతుండగానే బొట్టు పెట్టాలి" అన్నాను.

పెట్టారు. పూలు చుట్టారు. దణ్ణం పెట్టుకున్నాక ఆయన చెయ్యి తనంతట తనే స్విచ్చి వైపు వెళ్లింది. చటుక్కున లాక్కుని రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు.

"నేను వెళ్లేదాకా నువ్విక్కడే ఉండమ్మా. ఈ చేతిని నేను నమ్మలేను" అన్నారు.

ఆయన రైలు టైమయ్యేదాకా స్విచ్చికి అడ్డంగా నిలబడ్డాను.