మూడో బెడ్‌కు మోటారు చప్పుడు

నిజామాబాద్‌లో బస్సు దిగేసరికి ఉదయం ఎనిమిది కూడా కాలేదు. మే నెల. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. సామాను: ఒక పరుపుచుట్ట, స్టీలు మగ్గు, పాలిష్ చేసిన బూట్లు. పోస్టింగ్: ఒక ప్రైవేటు ఆసుపత్రి, రెండో అంతస్తు, ఐసీయూ. ఆరు మంచాలు. కిటికీలు తెరుచుకోవు. ఒప్పందం ఏడాదికి.

ఆర్మీలో నేను నర్సింగ్ అసిస్టెంటును. తుపాకీ కంటే సెలైన్ సీసాలే ఎక్కువ మోసిన సిపాయిని. మంచుకొండల కింద చేశాను, రాజస్థాన్ ఇసుకలో చేశాను. పెన్షన్ పుచ్చుకుని బోధన్ పక్కన మా ఊరికి వచ్చాక కాలు ఒక చోట నిలవలేదు. ఇంట్లో డబ్బాలన్నీ వరుస మార్చి పెట్టాను. మా ఆవిడ దండం పెట్టింది. "నువ్వు ఇంట్ల ఉంటే నాకు డ్యూటీ ఎక్కువైతున్నది. ఏడన్న కొలువు సూస్కో" అంది. చూసుకున్నాను.

ఐసీయూ అంటే నిశ్శబ్దం అనుకుంటారు మీరు. నేనూ మొదటి పోస్టింగ్‌కు ముందు అలాగే అనుకున్నాను. మానిటర్ కూస్తుంది. మందు అయిపోయిందని పంపు అరుస్తుంది. ఎవరిదో ట్రే కింద పడుతుంది. లైటు ఆరదు. బంకర్‌లో ఒకడు కాపలా కాస్తే ఒకడైనా పడుకుంటాడు. ఇక్కడ రోగులందరూ కాపలానే.

డ్యూటీ డాక్టరమ్మ ముప్పై దాటని పిల్ల. నన్ను ఫౌజీ అన్నా అనేది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా విశ్రాంతి వేళ అని ఆమె ఆర్డర్ వేసింది. పరదాలు దించాలి, లైట్లు తగ్గించాలి, గొంతులు తగ్గించాలి. ఒక చిన్న స్పీకర్ తెచ్చి, పారే నీళ్ల చప్పుడు సన్నగా పెట్టింది.

"ఉన్న లొల్లి సాలదా మేడమ్?" అన్నాను.

"లొల్లి ఉన్నందుకు కాదన్నా, సప్పుడు ఉన్నట్టుండి లేస్తే మెలకువ అస్తది. కింద ఒక్క తీరు సప్పుడు ఉంటే ఆ బీప్ అంత గట్టిగ కొట్టది. అలారంలు బంద్ చెయ్యం. అందరికి పని చేస్తదని కూడ చెప్పలేను. సూద్దాం."

ఐదు మంచాలు కుదుటపడ్డాయి. ఒకటో బెడ్ ముసలాయన గురక కూడా పెట్టాడు. మూడో బెడ్ మాత్రం లేచి కూర్చున్నాడు.

మూడో బెడ్ అంటే రెంజల్ వైపు చెరుకు రైతు. మంచి కండ ఉన్న మనిషి. న్యుమోనియా ముదిరి వెంటిలేటర్ మీద ఉండి, రెండు రోజుల కిందే గొంతులో పైపు తీయించుకున్నాడు. అప్పటి నుంచి కంటి మీద కునుకు లేదు. మాట తప్పుతోంది. ఆక్సిజన్ మాస్కు పీకేస్తున్నాడు. నీళ్ల చప్పుడు చెవిన పడగానే కాలు తీసి మంచం కమ్మీ మీద వేశాడు.

"పార ఏడున్నది? మన వంతు నీళ్లచ్చినయ్! లెవ్వుండ్రి, మీదోడు తూము కట్టేస్తడు!"

భుజాలు పట్టుకుని వెనక్కి వాల్చాను. ఒక్క చేత్తో నన్ను నెట్టేశాడు. వాళ్ల పొలం కాలువ చివర ఉంది. నీళ్లు వంతుకు వస్తాయి, వంతు దాటితే పోతాయి. నీళ్ల చప్పుడుకు పక్క ఎక్కే మనిషి కాదు, పక్క దిగే మనిషి. డాక్టరమ్మ స్పీకర్ ఆపేసి బయట కూర్చున్న ఆయన భార్యను పిలిచింది.

"అక్కా, ఇయ్యాల గూడ పండకపోతే, గిట్లనే మాస్కు గుంజుకుంటే, మళ్ల పైపు వెయ్యాల్సి అస్తదేమో."

"మళ్ల పైపా? వద్దు డాక్టరమ్మా. మొన్ననే సచ్చి బతికిండు." ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత తలెత్తింది. "నీళ్ల సప్పుడుకు ఆయన యాడ పంటడు! మోటరు నడుస్తుంటే పంటడు. బాయి గట్టు మీదనే, తలకాడ చెప్పులు పెట్టుకొని. మోటరు ఆగితెనే లేస్తడు."

ఊళ్లో మరిదికి ఫోన్ చేసింది. కాసేపటికి వాట్సాప్‌లో మోటారు చప్పుడు రికార్డు చేసి పంపాడు. మొదటి దాంట్లో మోటారు కంటే మరిదే ఎక్కువ వినిపించాడు. "వదినా, ఇగో మోటరు! ఇనవడ్తున్నదా? ఏయ్, ఆ కుక్కను ఎల్లగొట్టుండ్రి!" ఆ గదిలో నవ్వు రావడం అదే మొదటిసారి. రెండోది సరిగ్గా వచ్చింది. గుయ్యిమని ఒకే తీరు, అడుగున నీళ్లు పడుతున్న చప్పుడు.

ఆమెకు గౌను, మాస్కు తొడిగి మంచం పక్కన నిలబెట్టాం. ఆమె ఫోన్‌నే స్పీకర్‌కు కలిపాను. మూడో బెడ్ పిడికిలి ముందు వదులైంది. తర్వాత దవడ. కళ్లు మూతపడ్డాయి. మానిటర్‌లో ఆక్సిజన్ అంకె మెల్లగా ఎక్కింది. నేను ఊపిరి పీల్చుకుందామని అనుకున్నానో లేదో, స్పీకర్‌లో మోటారు ఆగి రింగ్‌టోన్ ఫెళ్లున మోగింది. ఆమె కంగారులో పచ్చ గుండీ నొక్కింది. మరిది గొంతు ఐసీయూ అంతా మారుమోగింది.

"వదినా! అన్న పండిండా?"

అన్న లేచాడు. "మోటరు ఆగింది. ఫ్యూజు కొట్టేసింది!" మాస్కు పీకి అవతల విసిరాడు. అంకె పడిపోతోంది. అలారం. డాక్టరమ్మ పైపు ట్రే వైపు చెయ్యి చాపింది. నేను మాస్కును రెండు చేతులతో ఆయన మొహానికి అదిమి పట్టాను. నాకు భయం వేసింది. నిజంగా వేసింది.

అప్పుడు ఆమె వంగి, భర్త చెవి దగ్గర నోరు పెట్టి, మోటారు అయింది. "గుయ్య్‌య్…" ఊపిరి అందినంత సేపు. ఊపిరి తీసుకుని మళ్లీ. అరచెయ్యి ఆయన రొమ్ము మీద. డాక్టరమ్మ చెయ్యి ట్రే మీదే ఆగింది. నా చేతుల కింద ఆ తల మెల్లగా బరువెక్కింది.

ఏడాది ముగిసింది. పరుపుచుట్టతో బోధన్ బస్సెక్కాను. ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాను. డబ్బాల జోలికి పోవడం లేదు. మూడో బెడ్‌కు మళ్లీ పైపు పడలేదు. వారంలో వార్డుకు, అక్కణ్నుంచి ఇంటికి పోయాడు. చాలామంది మొహాలు మరిచిపోయాను. ఆయన భార్యది మాత్రం పోదు. ఆ మధ్యాహ్నం ఆయన తల వాలాక, నేను ఫోన్‌కు కాల్స్ రాకుండా చేసి, రికార్డు మళ్లీ పెట్టాను. స్పీకర్‌లో మోటారు శుభ్రంగా నడుస్తోంది. మనిషి గాఢంగా నిద్రపోతున్నాడు. ఆమె ఇంకా వంగే ఉంది, గొంతు బొంగురుపోయింది.

"అక్కా, సాలు. మోటరు నడుస్తున్నది గద" అన్నాను.

నా వైపు చూడకుండానే, ఊపిరి తీసుకునే సందులో చెప్పింది.

"కరంటును నమ్మస్తదా అన్నా?"

మళ్లీ అందుకుంది.