కాలినడక

పొద్దంతా బట్టల షాపులో నిలబడి ఇంటికొచ్చి, ఆత్మకూరు బస్సుల వేళలు చూసుకుంటూ బ్యాగు సర్దుతున్నాను. అలమారా తెరవగానే కాలిన గాయాల మందు వాసన తగిలింది.

నా ఏడో ఏట, నాకొచ్చిన టైఫాయిడ్ తగ్గితే శ్రీశైలానికి నడిచి వస్తానని అమ్మ మొక్కుకుంది. బయల్దేరే ముందురోజు పక్కింటి రంగమ్మత్తతో దారి మాట్లాడుతోంది.

"ఆత్మకూరు దాకా బస్సుకు పోదాం. ఆడ్నించి వెంకటాపురానికి ఆటో. ఆ తర్వాత అంతా కాలినడకే."

కాలినడక అంటే కాళ్లు కాలిపోయే నడక అనుకున్నాను. నా కోసం అమ్మ కాళ్లు కాల్చుకుంటుందని ఏడుపొచ్చింది. అలమారాలోంచి కాలిన గాయాల మందు ట్యూబు తెచ్చి ఆమె సంచిలో చీరల అడుగున పెట్టాను.

సర్దుతూ అమ్మ చూసింది. "ఇదెందుకు పాపా?"

"కాళ్లు కాలినాక పూసుకోమ్మా."

రంగమ్మత్త పడీపడీ నవ్వింది. హోటల్లో పగలంతా దోసెల పెనం ముందు నిలబడి వచ్చిన అమ్మ మాత్రం నవ్వలేదు. చల్లటి నాపబండ మీద అరికాళ్లు ఆనించి, "ఉండనీలే. ఇప్పుడే కాల్తాండాయి" అంది.

నడక మొదలే కాలేదు కదా, అప్పుడే ఎందుకు కాలుతున్నాయో నాకు అర్థం కాలేదు.

ఈసారి మొక్కు నాది, అమ్మ మోకాళ్ల కోసం. బస్సు రేపు. అలమారాలోని ట్యూబు మూత తీసి అరికాళ్లకు పూసుకున్నాను.