మిల్లులో పలికిన శ్రీలంక పిట్ట

దెయ్యాలు, మహిమలు అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఇంట్లో ఎవరైనా ఆ మాట ఎత్తితే లేచి బయటికి పోయే రకం నేను. అందుకే ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఆదోనిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో నేను గుమాస్తాను, మహబూబ్ అన్న ఫిట్టరు. ఇద్దరికీ పిట్టల పిచ్చి. సెలవు దొరికితే బైనాక్యులర్ మెడలో వేసుకుని నందవరం వైపు పొలాల గట్ల మీద తిరిగేవాళ్ళం. "పిట్టల దొరలు బయల్దేరినారు" అని మా ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

అన్న కళ్ళల్లో నరం ఎండిపోతోందని, చూపు ఎక్కువ కాలం నిలవదని డాక్టరు చెప్పాడు. అప్పటికే పేపరు చదవలేడు. చూపు పోకముందే, శ్రీలంక అడవుల్లో తప్ప ఎక్కడా ఉండని ఒక నీలి పిట్టను చూడాలని ఆయన కోరిక. చలికాలంలో పోదామంటే పత్తి సీజను, మిల్లు వదలదు. పైగా అప్పటిదాకా కళ్ళు ఆగుతాయో లేదో. ఇక మిల్లు మూతపడే వానాకాలమే గతి. అక్కడి గైడుకు ఫోన్ చేస్తే, ఈ వానల్లో వస్తే జలగలే తప్ప పిట్టలు కనపడవన్నాడు.

ఆ మధ్యాహ్నం మూసిన మిల్లులో, దూది షెడ్డు అరుగు మీద కూర్చుని పోవాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్నాం. ఫోన్లో ఆ పిట్ట ఫోటో పెద్దది చేసి అన్న కళ్ళ దగ్గర పెట్టాను. తల, రెక్కలు కనపడుతున్నాయి, మిగతాదంతా ఆకుల చాటున ఉంది. తర్వాత దాని కూత ఒకసారి వినిపించి ఆపేశాను.

షెడ్డు లోపలినుంచి అదే కూత తిరిగి వచ్చింది.

ఫోన్ చూశాను. ఆగిపోయే ఉంది. మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా దగ్గరగా.

"ఆ బేలు మీద కూసుంది సూడప్పా," అన్నాడు అన్న మెల్లగా. నాకు అమ్ముడుపోని దూది బేళ్ళ మూటలు తప్ప ఏమీ కనపడలేదు. గడప కూడా తడుముకుని దాటే మనిషి, ఆ మసక షెడ్డులోకి వేలు చూపిస్తున్నాడు. "కాళ్ళు ఎర్రగుండాయి. తోక ఎంత పొడుగుందో. ఈకల కొసలు సున్నంలో ముంచినట్టు తెల్లగుండాయి." ఆయన ముఖం వంకే చూశాను. భయం కాదు, చేతులు జోడించాలనిపించింది.

ఇంటికి పోయి వేరే ఫోటోలు వెతికాను. తోక ఈకల కొసలు తెల్లగానే ఉన్నాయి. ఆయన ఎప్పుడో ఎక్కడో విని ఉంటాడనుకుందాం. మరి నా చెవులతో నేను విన్న కూత? మరునాడు షెడ్డంతా గాలించాను. పావురాల రెట్ట తప్ప ఏమీ దొరకలేదు. అదేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

టికెట్ల సంగతి ఎత్తితే అన్న నవ్వాడు. "నాకింగ టికెట్ ఎందుకప్పా, సూసినా గదా. నువ్వు పోయి సూసి రా."

ఇప్పుడు ఆయనకు వెలుగూ చీకటీ తేడా మాత్రమే తెలుస్తుంది. దానికి బాధపడినట్టు కనిపించడు. నా కళ్ళు బాగానే ఉన్నాయి. ఆ రోజు ఆయన పక్కనే కూర్చున్నాను. ఆ పిట్టను నేనింతవరకూ చూడలేదు.