ఈదని పురుగు

సావిత్రి మార్కాపురంలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేసేది. అక్కడి మైక్రోస్కోపుకు కెమెరా, కెమెరాకు కంప్యూటరు తగిలించి ఉండేవి. నీటిచుక్కలో బాక్టీరియా ఈదుతుంటే సాఫ్ట్‌వేరు ఒక్కోదాని వెనకా రంగు గీత గీసి, ఎంత వేగంగా పోయిందో లెక్క చెప్పేది. పిల్లలకు చూపించడానికి తెచ్చిన సరంజామా అది. పిల్లలకన్నా సావిత్రే ఎక్కువ మురిసిపోయేది. ఇంటిల్లిపాదిలో సైన్సు చదివింది తానొక్కతే అన్న గీర కూడా కాస్త ఉండేది లెండి.

ఆ ఎండాకాలం, యర్రగొండపాలెంలో ఆమె అక్క తులసమ్మ ఉండే వీధికి ట్యాంకరు నీళ్లే గతయ్యాయి. ఇంటింటా విరేచనాలు. తులసమ్మ ఒక సీసాలో నీళ్లు పట్టి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపింది. చూస్తే తెర నిండా గీతలే. కాచి తాగమంది సావిత్రి. ట్యాంకరు నీళ్లు పోసే సంపులో కాస్త బ్లీచింగు కలిపాక ఇంకో సీసా వచ్చింది. ఈసారి ఒక్క గీతా లేదు. నలకల్లాంటివేవో కదలకుండా పడి ఉన్నాయి.

"అన్నీ చచ్చినాయక్కా. ఇంక పచ్చినీళ్లే తాగొచ్చు," అని ఫోన్లో చెప్పింది.

తులసమ్మ ఆ మాట వీధంతా చెప్పుకుంది. వారం తిరక్కుండానే ఆమెకు నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. అసలే షుగరు మనిషి, ఒంగోలు ఆసుపత్రిలో ప్రాణం పోయింది. పరీక్షలో షిగెల్లా అనే బాక్టీరియా తేలిందని డాక్టరు సావిత్రికి చెప్పింది. నీళ్లతో వచ్చే రోగం. ఆ పురుగుకు ఈదే తోకలుండవు. సావిత్రి డిగ్రీలో చదివిన పాఠమే అది. తెర మీద గీతలు చూసీ చూసీ, కదలనిదల్లా చచ్చిందే అనుకునే దాకా వచ్చింది. తన చేత్తోనే అక్క నోట్లో విషం పోసినట్టు కుమిలిపోయింది.

శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు వాకిలి నిండా జనం. తులసమ్మ భర్త నాగేశ్వర్లు వచ్చినవాళ్లందరికీ ఒకటే చెబుతున్నాడు.

"నీళ్లకేం గాదు. మా మరదలు మిషన్లో పెట్టి చూసింది. పెండ్లిలో ఏందో తినొచ్చినాది, అదే ముంచింది."

పక్కింటి అరుగు మీద ఆదెమ్మ తలూపి, ఏడుస్తున్న మనవరాలి నోటికి నీళ్ల గ్లాసు అందించబోయింది.

నోరు మూసుకుంటే సావిత్రిని అడిగేవాళ్లు లేరు.

"తాపొద్దు ఆదెమ్మత్తా," అంది. "నీళ్లదే తప్పు బావా. మిషను ఈదేవాటినే చూపిస్తది. ఈదనివి కూడా ఉంటాయని తెలిసీ మరిచినా. అక్క నా మాట మీదే తాగింది."



"మీ అక్క కాచుకుందామనే అన్నది," అన్నాడు నాగేశ్వర్లు. "నువ్వు చెప్పినాక ఇంకా ఎందుకు గ్యాసు తగలేస్తావని నేనే కసిరినా."